యుద్ధక్రీడలో వైద్యుని స్థానం

వనపర్తి జిల్లా పెద్దమందడినుండి ఒక శ్రోత ఈ మధ్య మాకు ఒక ఉత్తరం వ్రాశారు. వారి కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడట. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న చిన్నాయన సెలవులకు వచ్చినప్పుడు, చేతులలో ఇమిడే వీడియో ఆటయంత్రం ఒకటి వెంట తెచ్చాడట. దానిమీద ఆడే ఒక యుద్ధక్రీడలో ఇంటి పిల్లలందరూ కత్తి పట్టినవానినో, గుఱ్ఱమెక్కినవానినో, విలుకానినో తమవానిగా చెప్పుకొంటూ ఉంటే, ఈ అబ్బాయి మాత్రం దండం చేతబట్టి వెనుక నిలిచి తక్కినవారి గాయాలు మాన్పే పాత్రనే కోరుకొంటాడట. మేనబావలు “నీకు కొట్లాట అంటే భయంరా” అని ఎగతాళి చేస్తున్నారట. “అయ్యా, నేను వ్యవసాయదారుణ్ణి. ఈ ఆటల సంగతి నాకు తెలియదు. దెబ్బ కొట్టలేనివానిని కోరుకొనే పిల్లవానికి పౌరుషం తక్కువ అనుకోవలెనా? అసలు యుద్ధంలో వైద్యునికి పని ఏమి?” అని ఆ శ్రోత అడిగారు.

ఈ రెండు ప్రశ్నలలో రెండవదానికి జవాబు చెప్పుకొంటే మొదటిదానికి జవాబు దానంతట అదే దొరుకుతుందని నా నమ్మకం. కనుక ముందు యుద్ధంలో వైద్యుని పని ఏమిటో చూద్దాము.

ఆ ఉత్తరంలో పేర్కొన్న ఆట పేరు ‘ఫైర్ ఎంబ్లెమ్’. ఇది ఒక్క ఆట కాదు, ఆటల పరంపర. జపాను దేశంలో ‘ఇంటెలిజెంట్ సిస్టమ్స్’ అనే సంస్థ తయారుచేయగా ‘నింటెండో’ సంస్థ 1990వ సంవత్సరం ఏప్రిల్ నెలలో మొదటి ఆటను విడుదల చేసినది. దానికి రూపకల్పన చేసినవాడు షోజో కాగా. నాటినుండి నేటివరకు ఎన్నో భాగాలు వచ్చినవి. జపాను వెలుపలి దేశాలలో ఈ పరంపర అడుగుపెట్టినది 2003లో. 2019లో వచ్చిన ‘త్రీ హౌసెస్’, 2023లో వచ్చిన ‘ఎంగేజ్’ అనే భాగాలు మన ఉత్తరంలోని పిల్లలు ఆడుతున్న యంత్రానికే తయారైనవి.

ఆట తీరు మన చదరంగం ఆడేవారికి సులభంగా బోధపడుతుంది. గళ్ళు గీసిన రణరంగం. ఒకసారి మన వంతు, ఒకసారి ఎదుటివాని వంతు. కత్తివాడు ఇన్ని గళ్ళు, గుఱ్ఱపువాడు అన్ని గళ్ళు నడుస్తాడు. విలుకాడు ఒక గడి అవతలనుండి కొడతాడు. కాని చదరంగపు పావులకు పేర్లు లేవు. ఇక్కడ ప్రతి పావుకూ పేరు, ఊరు, తల్లిదండ్రులు, స్నేహాలు, కోపతాపాలు ఉన్నవి. ఈ పరంపరలో పాతకాలంనుండి వస్తున్న కఠిననియమం మరొకటి కలదు. యుద్ధంలో పడిపోయినవాడు ఇక తిరిగి రాడు. తరువాతి ఘట్టంలో అతడు లేకుండానే కథ నడుస్తుంది. ఇటువంటి ఆటలో గాయం మాన్పేవాని విలువ ఏపాటిదో శ్రోతలు ఊహించవచ్చును.

ఇక్కడ నాకు ఒక విచిత్రమైన సంగతి తోచినది. చదరంగం మన దేశంలో పుట్టినదని లోకమంతా ఒప్పుకొంటున్నది. ఏనుగు, గుఱ్ఱం, రథం, కాల్బలం, మంత్రి, రాజు: పూర్వకాలపు సైన్యం అంతా ఆ బల్లమీద ఉన్నది. వైద్యుడు మాత్రం లేడు. మన పల్లెలలో అరుగుల మీద, గుడిమండపాల బండల మీద గీసుకొని ఆడే పులి–మేకలో అసలే లేడు. పులి దాటిన మేక పోయినట్టే.

అయితే మన పూర్వులకు సైన్యంలో వైద్యుడు ఉండవలెనన్న సంగతి తెలియదా అంటే, బాగా తెలుసు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో పదవ అధికరణం యుద్ధవిషయాన్ని చెబుతుంది. శస్త్రాలు, యంత్రాలు, మందులు, తైలాలు, కట్టుగుడ్డలు చేత పట్టుకొని చికిత్సకులు సేనకు వెనుకభాగంలో నిలువవలెనని, అన్నపానీయాలతో స్త్రీలు వారి పక్కనే ఉండి యోధులను ఉత్సాహపరచవలెనని అక్కడ విధించబడినది. సుశ్రుతసంహితలో సూత్రస్థానం ముప్పదినాలుగవ అధ్యాయం కేవలం ఈ విషయానికే కేటాయించబడినది. సేనతో బయలుదేరిన వైద్యుడు రాజశిబిరానికి సమీపంలోనే విడిది చేయవలెననీ, విషం తగిలినవారు, బాణపు ములుకు దిగినవారు, రోగపీడితులు వెదకుకోకుండా చేరుకొనేలాగున అతని నివాసం ధ్వజంవలె దూరంనుండే కనబడవలెననీ సుశ్రుతుడు చెప్పాడు. శత్రువు దారులను, నీటిని, పశుగ్రాసాన్ని విషంతో పాడుచేస్తాడు కనుక, వాటిని పరీక్షించి శుద్ధి చేయడం కూడ ఆ వైద్యుని బాధ్యతే. భారతంలో ఉద్యోగపర్వం చూడండి: కురుక్షేత్రంలో ధర్మరాజు వేయించిన శిబిరంలో జీతం పుచ్చుకొనే శిల్పులతోపాటు సకలసామగ్రి కలిగిన వైద్యులు కూడ ఉన్నారు.

మరి నిజమైన సేనలో ఇంత గౌరవస్థానం కలవాడు బల్లమీదికి ఎందుకు రాలేదు? కారణం నాకు ఇలా తోస్తున్నది. చదరంగంలో గాయం లేదు. పావు ఉంటే ఉన్నది, లేకుంటే లేదు. ప్రాణానికీ మరణానికీ నడుమ జాగా లేనిచోట వైద్యునికి నిలువనీడ ఉండదు. అతని రాజ్యమంతా ఆ నడిమి జాగాయే. కాబట్టి ఆటలోకి వైద్యుడు రావలెనంటే ముందు గాయం రావలెను. గాయం రావలెనంటే ప్రాణాన్ని అంకెలలో కొలవవలెను. వీనికి ఇరవై పాళ్ళ ప్రాణం, ఈ దెబ్బకు ఎనిమిది పోయినవి, పన్నెండు మిగిలినవి అని లెక్క కట్టినప్పుడు, ఆ ఎనిమిదింటిని తిరిగి నింపేవాడొకడు అవసరమవుతాడు. 1974లో అమెరికాలో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలో ఈ లెక్క స్థిరపడినది. అందులో ఆటగాడు ఎన్నుకోదగిన తరగతులు మూడు: యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు. గాయాలు మాన్పే మంత్రం అర్చకునిది. రక్తం చిందించకూడదు గనుక అతడు కత్తి పట్టడు, గద పడతాడు. తరువాత కంప్యూటరు ఆటలలో కనబడే చికిత్సకులలో అధికసంఖ్యాకులు ఈ అర్చకుని సంతతివారే. అందుకే ‘ఫైర్ ఎంబ్లెమ్’లో కూడ వైద్యుడు వైద్యుని వేషంలో కాక, మఠవాసిగానో, గుడిలో సేవచేసే కన్యగానో కనబడతాడు. చేతిలో మందులపెట్టె ఉండదు, దండం ఉంటుంది.

ఆ దండాలు ఒక్కరకం కావు. ‘హీల్’ అనే దండం పక్కగడిలో నిలిచినవానికే పనిచేస్తుంది. అంటే మాన్పేవాడు గాయపడినవాని దగ్గరకు నడిచి పోవలెను. ‘ఫిజిక్’ అనేది దూరంలో ఉన్నవానికి కూడ అందుతుంది. ‘రిస్టోర్’ అనేది గాయం మాన్పదు; విషం, నిద్ర, మౌనం వంటి వికారాలను పోగొడుతుంది. మరొకటి చుట్టుపక్కల ఉన్న మనవారినందరినీ ఒక్కసారే తేరుకొనేటట్లు చేస్తుంది. వీనిలో ప్రతి దండానికీ ఇన్నిసార్లే అని లెక్క ఉండడం అనేకభాగాలలో నియమం. లెక్క తీరితే దండం విరిగిపోతుంది. ఎవరికి ఇప్పుడు వాడవలెను, ఎవరిని కొంతసేపు ఓర్చుకోమనవలెను అన్న నిర్ణయం ఆడేవానిది. నిజమైన యుద్ధాలలో కూడ గాయపడినవారిని వేరుచేసి, ముందు ఎవరికి చికిత్స చేయవలెనో తేల్చడం సైనికవైద్యుని మొదటి పరీక్ష. పదునాలుగేళ్ళ పిల్లవాడు ఆటలోనైనా ఆ లెక్క వేస్తున్నాడంటే అతడు ఊరికే కూర్చున్నట్టు కాదు.

ఈ దండాల జాబితా చూస్తే మన రామాయణం తెలిసినవారికి వెంటనే ఒక ఘట్టం గుర్తుకు రావలెను. వాల్మీకి యుద్ధకాండలో ఓషధీపర్వతం మీద నాలుగు ఓషధులు ఉన్నవి. మృతసంజీవని చచ్చినవానిని బ్రతికిస్తుంది. విశల్యకరణి ఒంటిలో దిగిన ములుకును తొలగిస్తుంది. సంధానకరణి విరిగినదానిని అతుకుతుంది. సావర్ణ్యకరణి గాయపు మచ్చను పోగొట్టి చర్మానికి పూర్వపు రంగు తెస్తుంది. ఒక్క ‘మందు’ అని చెప్పి ఊరుకోకుండా పనిని నాలుగుగా విభజించి చెప్పిన ఆ కవి శస్త్రచికిత్సాక్రమాన్ని ఎరిగినవాడై ఉండవలెను. గాయం మానిన తరువాత మచ్చ సంగతి కూడ ఆలోచించినవాడు సామాన్యుడు కాడు!

ఆ ఘట్టంలో యుద్ధనీతి కూడ ఉన్నది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి రామలక్ష్మణులతో సహా వానరసేన అంతా నేలకొరిగినది. రాత్రివేళ విభీషణుడు కొరవి చేతబట్టి వెదకుతూ పోయి, బాణాలు నాటి కన్ను తెరవలేకుండా ఉన్న వృద్ధుడైన జాంబవంతుని పలకరించాడు. జాంబవంతుడు రాముని గురించి అడుగలేదు, సుగ్రీవుని గురించి అడుగలేదు. హనుమంతుడు బ్రతికి ఉన్నాడా అని అడిగాడు. విభీషణునికి ఆశ్చర్యం కలిగినది. హనుమ ఉంటే చచ్చిన సేన కూడ ఉన్నట్టే, హనుమ లేకుంటే బ్రతికినవారు కూడ లేనట్టే అని ఆ వృద్ధుని భావం. మందు ఎరిగినవాడు ఉన్నాడు, మందు తేగలవాడు ఉన్నాడా అన్నదే ఆయన ప్రశ్న. సేనాపతిగా అంత సూటిగా ఆలోచించినవారు మన ఇతిహాసాలలో తక్కువ.

హనుమంతుడు పర్వతాన్నే తెచ్చాడు. ఆ ఓషధుల వాసనకే వానరులు లేచి కూర్చున్నారు. మరి రాక్షసులు ఎందుకు లేవలేదు? వారి శవాలకు కూడ ఆ గాలి తగలవలెను గదా. వాల్మీకి ఈ ప్రశ్నను ముందే ఊహించి జవాబు చెప్పాడు. యుద్ధం మొదలైనప్పటినుండి, ఎందరు చచ్చారో లెక్క పైకి తెలియకూడదని, చచ్చిన రాక్షసులను ఎప్పటికప్పుడు సముద్రంలో పారవేయించాడు రావణుడు. నష్టాన్ని దాచుకోబోయి, తిరిగి వచ్చే అవకాశాన్ని పోగొట్టుకొన్నాడు. ఈ ఒక్క శ్లోకార్థం మీద యుద్ధవిద్యాలయాలలో ఒక ఉపన్యాసం ఇవ్వవచ్చును.

తరువాత రావణుని శక్తి తగిలి లక్ష్మణుడు పడినప్పుడు ముఖకాంతి చూచి, ఇతడు చనిపోలేదని చెప్పి రాముని ఊరడించినవాడు సుషేణుడు. తార తండ్రి, వానరయోధుడు. ఇతనిని లంకలోని వైద్యునిగా, ఇంటితో సహా ఎత్తి తెచ్చినట్లుగా చెప్పే కథలు తరువాత కల్పించినవి. వాల్మీకి సుషేణుడు మన పక్షంవాడే; యుద్ధం చేయగలడు, వైద్యమూ చేయగలడు. ‘ఫైర్ ఎంబ్లెమ్’లో కూడ చికిత్సకుడు అనుభవం గడించి పై తరగతికి ఎక్కినప్పుడు ‘బిషప్’ అయి, గాయం మాన్పడంతోపాటు ఎదుర్కొనే శక్తిని కూడ పొందుతాడు. మేనబావలకు ఈ సంగతి చెప్పవచ్చును.

అనుభవం అన్నాను గనుక, 1990నాటి మొదటి ఆటలో జరిగిన అన్యాయం ఒకటి చెప్పవలెను. అందులో యోధుడు దెబ్బ కొట్టిన ప్రతిసారీ అనుభవం సంపాదించి బలపడతాడు. చికిత్సకుడు ఎందరి గాయాలు మాన్పినా అతని లెక్కలో ఒక్క అంకె పెరగదు. అతనికి అనుభవం కలగవలెనంటే శత్రువు తనమీద దాడి చేయవలెను, తాను బ్రతికి బయటపడవలెను. ఆ ఆటలో రిస్ అనే ముసలి మఠవాసి ఉన్నాడు. అతనిని ముందుకు తీసుకొనిపోవలెనంటే దెబ్బలు తినిపించడం తప్ప వేరే దారి లేదు. చేసిన సేవకు విలువ లేదు, తిన్న దెబ్బకు ఉన్నది! ఈ లోపాన్ని తయారుచేసినవారే గ్రహించి, తరువాతి భాగాలలో దండం వాడినందుకు కూడ అనుభవం లభించేటట్లు మార్చారు. మన ఇళ్ళలోను, ఆస్పత్రులలోను ఈ దిద్దుబాటు ఇంకా పూర్తిగా జరగలేదని అనిపిస్తుంది. రోగికి ఆపరేషను చేసిన డాక్టరు పేరు అందరికీ గుర్తుంటుంది. పది రాత్రులు కట్టు మార్చిన నర్సు పేరు ఎందరికి గుర్తున్నది?

1992లో వచ్చిన రెండవ ఆట ‘గైడెన్’ మరొక త్రోవ తొక్కినది. అందులో మంత్రం వేసేవాడు తన ప్రాణంలో కొంత పాలు ఖర్చు చేయవలెను. ఒకరి గాయం మాన్పిన అర్చకురాలు తాను అంతమేర నీరసిస్తుంది. 1999లో వచ్చిన ‘త్రేసియా’ అనే భాగంలో అలసట లెక్కకు వచ్చినది. వరుసగా పని చేసిన పాత్ర తరువాతి యుద్ధానికి లేవలేక విశ్రమించవలసి వస్తుంది. అంతేకాదు, ఆ భాగంలో చికిత్స ఒక్కొక్కప్పుడు ఫలించకుండా పోతుంది కూడ. ఆడేవారికి ఇది చిరాకు కలిగించిన మాట నిజమే. కాని నా అభిప్రాయంలో ఈ పరంపర మొత్తంలో వైద్యవృత్తికి మిక్కిలి దగ్గరగా వచ్చినది ఈ కఠినమైన భాగమే. అలసిపోని వైద్యుడు, తప్పిపోని మందు ఎక్కడా లేవు.

దాదాపు అన్ని భాగాలలోను నిలిచి ఉన్న నియమం ఇంకొకటి చెబుతాను. సాధారణ చికిత్సాదండంతో చికిత్సకుడు ఇతరులను మాన్పగలడు గాని తన్ను తాను మాన్పుకోలేడు. ఇది చదివినప్పుడు నన్నయగారి ఆదిపర్వంలోని కచుని కథ మదిలో మెదిలినది. దేవాసుర యుద్ధాలలో రాక్షసుల పక్షాన శుక్రాచార్యుడు ఉన్నాడు. మృతసంజీవనీవిద్యతో పడినవారిని పడినట్లే లేపుతున్నాడు. దేవతల పక్షాన ఆ విద్య ఎవరికీ తెలియదు. బలంలో సరిసమానులైనా, ఒక్క చికిత్సకుడు లేక దేవతలు ఓడుతున్నారు. అందుకని వారు సేనలను పెంచలేదు, ఆయుధాలను పెంచలేదు. బృహస్పతి కుమారుడైన కచుని శిష్యునిగా పంపి ఆ విద్యనే సంపాదించారు. తిరిగి వచ్చేటప్పుడు, తన ప్రేమను కాదన్న కచునికి దేవయాని శాపం ఇచ్చినది: నేర్చిన విద్య అతనికి పనిచేయకుండు గాక అని. కచుడు బెదరలేదు. నాకు ఫలించకున్నా నేను నేర్పినవారికి ఫలిస్తుంది అన్నాడు. తనకు పనికిరాని విద్యను ఇతరులకోసం భద్రంగా మోసుకొనిపోయిన ఆ యువకుడు మన ఇతిహాసాలలో మొదటి వైద్యవిద్యార్థి అనదగినవాడు.

చచ్చినవానిని లేపే దండం ‘ఫైర్ ఎంబ్లెమ్’లో లేకపోలేదు. మొదటి ఆటలో ‘ఆమ్’ అనే దండం రాకుమారి ఎలీస్ చేతిలో మాత్రమే, ఒక్కసారి మాత్రమే పనిచేస్తుంది. పోయినవారు పదిమంది ఉన్నా ఒక్కరినే ఎన్నుకోవలెను. ఈ ఎన్నిక ఆడేవారిని ఎంత బాధపెడుతుందో విన్నాను. 2010లో వచ్చిన భాగంనుండి ఒక సడలింపు ఏర్పడినది: కావలసినవారు, పడినవారు మరుసటి ఘట్టానికి తిరిగి వచ్చే సులభమార్గంలో ఆడవచ్చును. చిన్నపిల్లలకు అది మంచిదే. కాని ఆ మార్గంలో చికిత్సకుని విలువ సగానికి పడిపోతుందని నేను అనుకొంటున్నాను. రేపు ఎట్లాగూ లేచి వస్తాడని తెలిసినప్పుడు ఈ రోజు అతనికోసం ఎవరు పరుగెత్తుతారు?

ఇక పౌరుషం సంగతి. ఈ ఆటలో ఎదుటి సేన ఎవరిని వెదకి కొడుతుంది? ఎవరిని కొడితే ఎక్కువ నష్టమో, ఎవరు తిరిగి కొట్టలేరో వారినే తరచుగా ఎంచుకొంటుంది. అంటే చికిత్సకునిమీద కన్ను ఉంటుంది. కవచం పలుచన, తిరుగు దెబ్బ లేదు. అయినా ‘హీల్’ దండం పక్కగడికే అందుతుంది గనుక, గాయపడినవాడు ముందువరుసలో ఉంటే ఇతడూ ముందుకు పోక తప్పదు. కత్తివాడు శత్రువువైపు పోయేటప్పుడు చేతిలో కత్తి ఉన్నది. ఇతడు అదే గడివరకు వట్టి చేతులతో పోతాడు. భయం ఎవరికి తక్కువో శ్రోతలే చెప్పవచ్చును.

నిజమైన యుద్ధాలలో కూడ ఒకప్పుడు ఇదే స్థితి. 1859వ సంవత్సరం జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినోవద్ద జరిగిన యుద్ధం తరువాత, దిక్కులేక పడి ఉన్న వేలాది క్షతగాత్రులను చూచి చలించిన స్విట్జర్లాండువాసి హెన్రీ డ్యూనాంట్ చేసిన ప్రయత్నంవలన రెడ్‌క్రాస్ పుట్టినది. 1864 ఆగస్టులో జెనీవాలో పన్నెండు రాజ్యాలు సంతకం చేసిన ఒడంబడికతో, యుద్ధభూమిలో వైద్యులు, వారి బండ్లు, వారి ఆస్పత్రులు ఏ పక్షానికీ చెందనివిగా చూడబడవలెనన్న నియమం ఏర్పడినది. తెల్లని గుడ్డమీది ఎఱ్ఱశిలువ దానికి గుర్తు. సుశ్రుతుడు చెప్పిన ధ్వజం మనవారు చేరుకోవడానికి. ఈ ధ్వజం ఎదుటివాడు కొట్టకుండా ఉండడానికి. వీడియో ఆటలలో ఈ జెనీవా నియమాన్ని పాటించిన రణరంగం నాకు కనబడలేదు. ఆ నియమాన్ని లోకంలో కూడ నేటికీ ఎన్నోచోట్ల ఉల్లంఘిస్తున్నారన్నది వేరే దుఃఖం.

మన తెలుగువారికి ఈ చరిత్రలో కొంత పాలు ఉన్నది. 1860లో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవునుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి చెఱకుతోట కూలీలను తీసుకొనిపోయినది. ఆ తరువాత దశాబ్దాలలో అక్కడికి పోయిన కూలీలలో తమిళులతోపాటు గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారు చాలామంది. 1899లో బోయరు యుద్ధం వచ్చినప్పుడు గాంధీజీ దాదాపు 1,100 మందితో భారతీయ అంబులెన్సుదళాన్ని ఏర్పరచారు. అందులో సుమారు 800 మంది ఒప్పందపు కూలీలే. ఒక్కొక్కరోజు ఇరవైనుండి ఇరవైఅయిదు మైళ్ళు గాయపడినవారిని డోలీలలో మోసుకొంటూ నడిచారు. తుపాకిగుండ్లు పడే సరిహద్దుకు లోపలికి పోనవసరం లేదని మొదట నియమం. 1900 జనవరిలో స్పియన్‌కోప్ వద్ద ఓటమి తరువాత, లోపలికి రాగలరా అని సేనాధికారులు అడిగినప్పుడు, సంకోచించకుండా పోయారు. చేతిలో ఆయుధం లేదు. జీవితమంతా చెఱకు నరికిన చేతులు.

ఈ పరంపరలో చికిత్సకులు ఎక్కువగా బాలికలూ యువతులూ కావడం గమనింపదగినది. లీనా, మరియా, సెర్రా, ప్రిసిల్లా, లిస్సా, ఎలీజ్, సకురా, మెర్సిడీస్... పట్టిక పెద్దది. కత్తి మగవానిది, కట్టు ఆడదానిది అన్న పాత అలవాటు జపానునూ వదలలేదు. అయినా రిస్, మోల్డర్ వంటి మగ చికిత్సకులు కూడ ఆదినుండి ఉన్నారు కనుక, మన పెద్దమందడి అబ్బాయి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అయితే ఆ తండ్రిగారికి మరొక మాట కూడ చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. ఆటలో గాయం ఒక అంకె. దండం ఎత్తగానే అంకె నిండుతుంది. జ్వరం రాదు, చీము పట్టదు, అప్పు కాదు. పెద్దమందడిలో పొలంలో కాలికి దిగిన ముల్లు, చేనిగట్టున పాము కాటు, హైదరాబాదు–బెంగుళూరు రహదారిమీద మోటారుసైకిలు ప్రమాదం అలా మానవు. ‘ఫిజిక్’ దండంవలె దూరానికి అందే చికిత్స మనకు ఒకటి వచ్చినది: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు. కాని అది మంత్రం కాదు. రోడ్డు ఉండవలెను, డ్రైవరు ఉండవలెను, ఫోను చేసేవాడు ఊరి గుర్తులు సరిగా చెప్పవలెను, బండి వచ్చేవరకు రక్తం కారకుండా గుడ్డతో అదిమి పట్టేవాడొకడు పక్కగడిలో ఉండవలెను. పాము కరిచినచోట గట్టిగా తాడు బిగించడం, కత్తితో కోయడం, నోటితో పీల్చడం చేయరాదని, రోగిని కదలనీయకుండా వెంటనే విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి చేర్చవలెనని డాక్టర్లు చెబుతున్నారు. ఈ సంగతులు ఏ ఆటా నేర్పదు. నేర్చుకొనే మనస్సు మాత్రం ఆ పిల్లవానికి ఇప్పటికే ఉన్నట్టు కనబడుతున్నది.

2022 నవంబరులో వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. మన జిల్లా పిల్లవాడు డాక్టరీ చదవవలెనంటే హైదరాబాదుకో కర్నూలుకో పోక తప్పని రోజులు పోయినవి. తొమ్మిదవ తరగతి పిల్లవానిమీద ఇప్పటినుండే ఆ భారం మోపమని నేను అనడం లేదు. ఆటలో వైద్యుడైన ప్రతివాడూ డాక్టరు కాడు, కానక్కరలేదు. చదువు సమయం చదువుకు, ఆట సమయం ఆటకు అని గడియారం చూచి విడదీయడం తండ్రిగారి పని.

ఈసారి చిన్నాయన వచ్చినప్పుడు తండ్రిగారు కూడ ఒక పావుగంట పక్కన కూర్చొని చూడవలెనని నా సలహా. అబ్బాయి తన చికిత్సకుని ఏ గడిలో నిలుపుతున్నాడో గమనించండి. ముందువరుసలో నిలిపితే కౌటిల్యుడు వెనుక నిలుపమన్నాడని చెప్పండి. మరీ వెనుక నిలిపితే దండం అందదు. కవచం తొడిగిన యోధుడు ముందు, అతనికి ఒక్క గడి వెనుక, శత్రువు గుఱ్ఱం చుట్టుతిరిగి రాలేని మూలలో చికిత్సకుడు: ఇది మంచి ఆటగాళ్ళు చెప్పే స్థానం. అక్కడే ఎందుకు నిలిపావురా అని అడిగి, అతడు చెప్పే కారణం వినండి. మేనబావలను కూడ పక్కన కూర్చోబెట్టి, ఒక్క యుద్ధం చికిత్సకుడు లేకుండా గెలిచి చూపమనండి.